వంకల రాయుడూ గొర్రెల ఆటా

ధర్మవరం నుంచి అనంతపురం పోయే బస్సు రాప్తాడు ఇంకా రాకముందే, ఎండిపోయిన ఒక వంక పక్కన పెద్దగా నిట్టూర్చి ఆగిపోయింది. అందరం దిగాం. డ్రైవరు ముందు మూత ఎత్తాడు. పొగ వచ్చింది. అప్పుడు నా వెనక ఒక గొంతు వినిపించింది.

“ఆగిపోయేది కూడా సరిగ్గా చేతకాల్యా ఈ బస్సుకు. ఇంకొంచెం ముందుకొచ్చి ఆగింటే చెట్టు నీడ ఉండేది కదా.”

తిరిగి చూడకుండానే మనిషిని గుర్తుపట్టాను. బస్సు చెడిపోయినందుకు విసుక్కునేవాళ్లు కోట్లమంది ఉంటారు. చెడిపోయిన తీరు బాగాలేదని వంక పెట్టేవాడు ఒక్కడే. ధర్మవరం హనుమంతరాయుడు. ఊళ్లో అందరూ వంకల రాయుడంటారు. ఆయనకు నచ్చే వస్తువు ఈ సృష్టిలో ఇంకా తయారు కాలేదు.

నేను తిరగని ఊరు తక్కువ, చదవని కాగితం ఇంకా తక్కువ. బజ్జీలు కట్టిచ్చిన కాగితమైనా నూనె తుడిచి చదివి గాని పారేయను. అయినా వంక అనే మాటకు ఇన్ని అర్థాలు పోగుపడిన సీమను ఇంకెక్కడా చూడలేదు. ఇక్కడ వంకంటే వానొస్తే పారే చిన్న ఏరు. వంకంటే సాకు. వంకంటే లోపం. ఆకాశంలో ఉండేది నెలవంక. మొదటి రకం వంకలు ఈ జిల్లాలో ఎప్పుడో గాని పారవు. రాయుడి వంకలు మాత్రం ఏ కరువులోనూ ఎండిన పాపాన పోలేదు. ఒక సాయంత్రం వాళ్ల మిద్దె మీద కూర్చుని, “చూడు రాయుడూ, నెలవంక ఎంత అందంగా ఉందో” అన్నాను. ఆయన కళ్లు చికిలించి చూసి, “మిగిలింది యాడ పెట్టినారు?” అన్నాడు.

ఇంకో ఏడు, కార్తెలన్నీ ఒట్టిగా దాటిపోయాక ఉన్నట్టుండి వాన కొట్టింది. వీధంతా బయటికొచ్చి తడుస్తోంది. ముసలివాళ్లు కూడా మొహాలు పైకెత్తి నిలబడ్డారు. రాయుడు అరుగు మీద నుంచి అరచెయ్యి చాపి చూసి, “ఏటవాలుగా పడతాండాది. నిట్టనిలువుగా పడేదానికి ఏం రోగం?” అన్నాడు.

ఆయన భార్య నాగలక్ష్మమ్మను ఒకసారి అడిగాను, ఈ మనిషిని ఎలా చేసుకున్నావమ్మా అని. ఆమె నవ్వింది. “పిల్లను చూసేకి వచ్చినప్పుడు నాలో ఏం వంక పెడతాడో అని మా ఇంట్లో అందరూ బిగబట్టుకోని కూర్చున్యారు సామీ. ఈయప్ప నన్ను చూసి, తన్ను చూసుకోని, ‘పిల్ల బాగుండాది, పిల్లోడే సరిపోడు’ అన్యాడు. తనకే తాను వంక పెట్టుకునే మొగోడు మళ్లా దొరుకుతాడా అని ఒప్పుకున్యా.” ఆ పక్కనే ఉన్న రాయుడు, “ఆ మాట కూడా వరస తప్పి చెప్తాంది. ముందు నన్ను చూసుకున్యా, తర్వాత ఆమెను చూసినా” అని దిద్దాడు.

ఇలాంటి మనిషి వీధిలో నడిస్తే వెనక ఒకరు సర్దుకుంటూ రావాలి. ఆ పని ఆయన అన్న కేశవ కూతురు మల్లీశ్వరిది. నడక వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల చిన్నాయన వేలు పట్టుకునే తిరిగింది. ఆయన హోటల్లో కూర్చుని, “ఈ దోసెకు నడుమ మందం, అంచున దరిద్రం” అంటాడు. పిల్ల వంటాయన దగ్గరికి పరిగెత్తి, “చానా బాగుండాదన్నా, మా చిన్నాయన మాట మనసులో పెట్టుకోవద్దు” అంటుంది. ఆయన పక్కింటి కొత్త గోడకు సున్నం అతుకులుగా కొట్టారంటాడు. ఈమె గోడను తడిమి మరీ, “ఎంత నున్నగా ఉండాదో అత్తా” అంటుంది. ఆయన ఔనంటే కాదనడం, కాదంటే ఔననడం ఆ పిల్లకు మాటలతో పాటే వచ్చేశాయి. ధర్మవరంలో ఈ జంట ఎడ్లబండి చక్రాల్లాంటిది. ఒకటి కిర్రుమంటుంది, రెండోది నూనె పోస్తుంది.

ఆ రోజు రోడ్డు పక్కన కూడా చిన్నాయన వెనక మల్లీశ్వరి ఉంది. డిగ్రీ అయిపోయి చాలా ఎదిగింది. ఇస్త్రీ మడత నలగని చుడీదార్ వేసుకుని, డ్రైవరుతో, “ఏం కాదులే అన్నా, బస్సు ఆగినా బాగా ఆగింది” అని సర్దిచెబుతోంది.

“ఎక్కడికి ప్రయాణం?” అన్నాను.

“పాపకు పని చూసేకి,” అన్నాడు రాయుడు. “బెంగళూరు నుంచి ఆటల కంపెనీ వచ్చిందంట. ఆట ఆడుకుంటే జీతమిస్తారంట. ఇట్లాంటి మోసం నేను యాడా వినల్యా.”

“ఆడుకునేదానికి కాదు తాతా,” అంది మల్లీశ్వరి. “టెస్టర్ పని. వీడియో గేమ్ జనంలోకి పోకముందే అన్ని రకాలుగా ఆడి చూసి, దాంట్లో తప్పులు యాడుండాయో చెప్పల్ల.”

“అంటే వంకలు పెట్టడం.”

“అదే.”

రాయుడు ఆ మాట ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే విన్నాడట గాని, అప్పుడే తలకెక్కినట్టుంది. రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. “వంకలు పెడితే జీతమా? మరి నేనేమప్పా, ఇన్నేండ్లు ఊరికే పెట్టినానే.”

“మీ ఇంటి పిల్లకు ఇంటర్వ్యూ కూడా దండగ. ఇంటిపేరు చూసి తీసుకోవాలి,” అన్నాను నేను. నవ్వుతుందనుకున్నాను. పిల్ల తల దించుకుంది.

ఇప్పటికే బెంగళూరులో రెండు చోట్ల తప్పిందట. తప్పులు కనిపించక కాదు. అన్నీ కనిపించాయి. కానీ ఆ ఆట తయారుచేసిన మనిషి ఎదురుగా కూర్చుని ఆశగా చూస్తుంటే ఆమెకు నోరు రాలేదు. మొదటి చోట గుర్రం గోడలోంచి నడిచి అవతలికి పోయింది. ఎలా ఉందని అడిగితే, “చాలా బాగుంది సార్, గుర్రం దారి తనే చూసుకుంటోంది” అంది. రెండో చోట వీరుడు పొడి నేల మీద నీళ్లలో మునిగినట్టు కొట్టుకుని చచ్చిపోయాడు. “మా జిల్లాలో నీళ్లు లేకుండా మునిగినోళ్లు చానామంది సార్, సహజంగా ఉంది” అని వచ్చింది.

“ఇదే కడాకు తాతా,” అంది నెమ్మదిగా. “ఈసారి రాకపోతే నాయన చీరల అంగట్లో చేరమన్యాడు. ఆ అంగడోళ్లకు నేనంటే చానా ఇష్టం. ఆడ పొద్దుగూకులూ చేసేది ఒకటే పని. ఏ చీర తీసినా ‘మీకు బాగుంటాదమ్మా’ అనేది.”

ఆ పనికి ఈ రాష్ట్రంలో ఆమెను మించిన మనిషి దొరకదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

“చిన్నాయనా, ఒక మాట,” అంది రాయుడి వైపు తిరిగి. “ఆడ నువ్వు నోరు తెరవకూడదు. నువ్వు వంక పెడితే నాకు సర్దిచెప్పబుద్ధి అయితాది. నా మీద ఒట్టు.”

“ఒట్టు పెట్టేటప్పుడు తల మీద చెయ్యి పెట్టల్ల. దూరం నుంచి పెడితే అదేం ఒట్టు,” అన్నాడు రాయుడు. కానీ ఒప్పుకున్నాడు.

అనంతపురంలో నాకు పనేం లేదు. ఎక్కడా పని లేకపోవడమే నా పని. బస్సు దగ్గుతూ లేచాక వాళ్లతోనే దిగాను, వాళ్లతోనే ఉద్యోగ మేళా జరిగే కాలేజీ హాలుకు పోయాను.

హాలు నిండా పిల్లలు. పామిడి నుంచి, మడకశిర నుంచి, నేను పేరు మరిచిపోయిన ఊళ్ల నుంచి వచ్చారు. వీడియో గేమంటే చెడిపోయే పిల్లల వ్యవహారమనే నేను ఎక్కడో చదివి నమ్మాను. కంపెనీ తరఫున మనుషుల్ని ఎంచడానికి వచ్చిన సునంద అనే ఆవిడ నా అజ్ఞానాన్ని ఓపికగా భరించింది. ఆమెదీ ఈ జిల్లానే, కణేకల్.

“ఒక ఆట వెనకాల సినిమాకు పనిచేసినంత మంది ఉంటారు సార్,” అంది. “బొమ్మలు గీసేవాళ్లు, వాటిని నడిపించేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు, కథ రాసేవాళ్లు, గాలికీ అడుగులకీ చప్పుడు చేసేవాళ్లు, మాటల్ని వేరే భాషల్లోకి మార్చేవాళ్లు. చివరకు టెస్టర్లు. వాళ్లు లేకపోతే మిగతావాళ్ల కష్టమంతా నవ్వులపాలే.”

“బెంగళూరులో దొరకరా, ఇంతదూరం వచ్చారు?”

“దొరుకుతారు. కానీ మన పిల్లోళ్లు పగిలిన ఫోన్లలో, సిగ్నల్ లేని మిద్దెల మీద ఆడినోళ్లు. ఆట యాడ తడబడుతుందో వీళ్లకు బాగా తెలుస్తుంది.”

పక్కనే ఉన్న రాయుడు ఏదో అనబోయి, ఒట్టు గుర్తొచ్చి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలు లోపల నుంచి మాత్రం “ఊరికే పెట్టినా” అని సన్నగా వినిపించింది.

పరీక్ష అందరి ముందూ జరిగింది. పెద్ద తెర మీద ఆట. బల్లకు ఒకవైపు ఆడే పిల్ల. ఎదురుగా ఆటను తయారుచేసిన శశికుమార్ అనే యువకుడు. పెంచిన బిడ్డను బడిలో వదలడానికి వచ్చినవాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు. సునంద పద్ధతి అది. తప్పును చేసినవాడి మొహం మీద చెప్పగలిగినవాళ్లే ఆమెకు కావాలి.

ఆట గొర్రెల మందది. కొండ మీద మేపాలి, కంచెలు దాటించాలి, తప్పిపోయిన గొర్రెను అవ్వకు చేర్చాలి. మల్లీశ్వరి ఆడింది. చూస్తున్న నాకే తెలిసిపోతోంది, ఆ పిల్ల కళ్లు ప్రతి లోపం దగ్గరా ఆగుతున్నాయి. పెదవి కదులుతోంది. మళ్లీ మూసుకుపోతోంది.

“ఎలా ఉంది?” అన్నాడు శశికుమార్.

ఆమె అతని మొహం చూసింది. చూడకుండా ఉండాల్సింది.

“చానా బాగుంది సార్.”

“ఏమైనా తప్పులు?”

“ఏం లేవు సార్. గొర్రెలు ముద్దుగా ఉన్నాయి.”

సునంద మొహంలో వెలుగు తగ్గింది. తర్వాతి మనిషిని పిలవడానికి తల తిప్పింది.

అప్పుడు నా పక్కన కుర్చీ కిర్రుమంది. రాయుడు లేచి నిలబడ్డాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను. చొక్కా వచ్చింది గాని మనిషి కూర్చోలేదు. మల్లీశ్వరి కళ్లు మూసుకుంది. హాల్లో ఉన్న ధర్మవరం వాళ్లంతా, “అయిపాయ” అన్నట్టు చూసుకున్నారు.

రాయుడు గొంతు సవరించుకున్నాడు.

“బాగుండాది,” అన్నాడు.

మా వెనక ఎవరి చేతిలోదో నీళ్ల సీసా కిందపడింది.

“గొర్రెలు,” అన్నాడు రాయుడు. ఆగాడు. మెచ్చుకోవడం ఆయనకు కొత్త. ఈతరాని మనిషి బావిలో దిగినట్టు ఒక్కో మాటా కాలితో వెతుక్కుంటున్నాడు. “గొర్రెలు గొర్రెల మాదిరే ఉండాయి. కొండ కూడా... నిలబడి ఉండాది. బాగా నిలబడి ఉండాది. దీంట్లో ఒక్క వంక ల్యా. ఆ గొర్రె చూడండి, కంచెలోంచి ఎంత నున్నగా దూరి పోతాండాదో.”

“ఏం నున్నగా చిన్నాయనా,” అంది మల్లీశ్వరి. అనాలని అనలేదు, జారిపోయింది. “కంచెలోంచి దూరితే అది కంచెట్ల అయితాది?”

“అట్లనా? పోనీలే. కుక్క మొరిగేది మాత్రం బ్రహ్మాండంగా ఉండాది.”

“మొరుగు ముందు వినపడతాండాది, నోరు తర్వాత తెరుస్తాండాది. నీకు కనపడల్యా?”

“నాకు చూపు తక్కువ. అవ్వ మటుకు ధర్మాత్మురాలు. గొర్రెను తెచ్చిస్తే బెల్లం పెడ్తాంది.”

“ఒకసారి పెడితే ధర్మం. వాకిలి దాటి మళ్లా లోపలికొస్తే మళ్లా పెడ్తాంది. మళ్లా పోయొస్తే మళ్లా. ఇంక గొర్రెలు కాసేదెందుకు, ఆయమ్మ వాకిట్లో తిరిగితే చాలదా?”

హాలు నవ్వింది. శశికుమార్ మొహం ఎర్రబడింది. కానీ కుర్చీని ముందుకు జరుపుకున్నాడు.

“సరేలే,” అన్నాడు రాయుడు. “మనం ఆట నిలిపితే గొర్రెలు బుద్ధిగా నిలబడతాయి. అది గొప్ప కదా.”

“యాడ నిలబడతాండాయి? నిలిపినా మేస్తానే ఉండాయి. మనం టీ తాగొచ్చే లోపల కొండంతా బోడి. మంద ఆకలికి పడిపోతాది. మన ఊరి కరువు చాలదని ఆటలో కూడానా?”

“ఆగండి, ఆగండి,” అన్నాడు శశికుమార్. ఇప్పుడతని గొంతులో నొప్పి లేదు, ఆత్రం ఉంది. “గడ్డి మాయమవుతోందని ఆడినవాళ్లందరూ అంటున్నారు. మేం ఎన్నిసార్లు చూసినా మాకు కావడం లేదు. మీకు ఎలా అయింది?”

“మీరు గడ్డి దగ్గర నిలిపి చూసింటారు సార్. అట్ల కాదు. మందను నీళ్ల దగ్గరికి తోలి, అవి తల వంచినప్పుడు నిలపల్ల. చూడండి.”

చేసి చూపించింది. తెర మీద ఆట నిలిచింది. గొర్రెలు నిలవలేదు. కొండ అందరి కళ్లముందే బోడైపోయింది. శశికుమార్ లేచి నిలబడి, పోగొట్టుకున్న ఎద్దు సంతలో కనబడినవాడిలా చప్పట్లు కొట్టాడు. హాలంతా అందుకుంది.

సునంద చెయ్యెత్తి అందరినీ ఆపింది. “ఇంతసేపూ ఆయన మొహం చూసినావా?”

మల్లీశ్వరి ఉలిక్కిపడింది. “చూడల్యా మేడమ్. మా చిన్నాయనతో మాట్లాడుతా మరిచిపోయినా.”

“ఇప్పుడు చూడు. కష్టపడి చేసిన మనిషి. ఇన్ని తప్పులు చెప్పినందుకు బాధ పెట్టినట్టు కాదా?”

పిల్ల శశికుమార్ వైపు చూసింది. ఇంక ఉద్యోగం పోయినట్టే, మళ్లీ సర్దిచెబుతుందనుకున్నాను.

“మేడమ్, మాది మగ్గాల ఊరు,” అంది. “మా చిన్నాయన పొద్దున్నే నేసే ఇండ్లన్నీ తిరుగుతాడు. ఈడ పోగు తెగింది, ఆడ బుటా పువ్వు పక్కకు పోయింది అని ప్రాణం తీస్తాడు. వాళ్లు తిట్టుకుంటా సరిచేసుకుంటారు. నేను వెనకాల పోయి, బాగుందిలే అన్నా అని సర్దిచెప్తా. అయితే...” అని ఆగింది. తనే అప్పుడు వింటున్నట్టు తన మాట వింటోంది. “మగ్గం మీద ఉన్నప్పుడు చెప్తే దిద్దుకోవచ్చు మేడమ్. అంగడికి పోయినాక సావుకారి చూస్తే కూలి కోస్తాడు. చిన్నాయన తిరిగే ఇండ్లల్లో ఎవరికీ కూలి కోసింది నేను ఇంతవరకు వినల్యా.”

ఆమె తిరిగి చిన్నాయన వైపు చూసింది. ఆయన తెర మూలన ఏదో వెలిసిపోయిన రంగును శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

సునంద నవ్వు దాచుకుంది. “బాగా చెప్పినావు. కానీ ఆఫీసుకు రోజూ చిన్నాయనను పిలిపించలేం కదా. ఇంకో ఆట ఉంది. ఇప్పుడు ఆయన బయట ఉండాలి.”

మమ్మల్నిద్దరినీ బయటికి పంపారు. రాయుడు మెట్ల మీద కూర్చుని రెండు చేతులా కడుపు పట్టుకున్నాడు.

“ఏమైంది?”

“వంకలన్నీ లోపలే ఉండిపోయినాయి సామీ. కొండకు నీడ సూర్యుడి దిక్కే పడతాండాది. అవ్వకు ఒక చెవికే కమ్మ ఉండాది. మింగలేక చస్తాండా.”

“మరి బాగుందని ఎందుకన్నావయ్యా? ఊరంతా విన్నారు. నీ పేరేం కావాలి?”

“పేరుదేముందిలే.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “పాప పుట్టినప్పటి నుంచి నాకు ఎదురు చెప్పేదే దాని పని. నేను బాగలేదంటే బాగుందంటాది. అట్లే నోరు అలవాటైపోయింది. నేనే కదా అలవాటు చేసినా. అందుకే అనుకున్యా, నేను బాగుందంటే అదేమంటాదో చూద్దామని.”

లోపల నుంచి శబ్దం లేదు. రాయుడు చెవి తలుపుకు ఆనించాడు. నేనూ ఆనించాను. ఈ వయసులో తలుపు చాటున వినడం మర్యాద కాదని చాలా చోట్ల చదివాను. ఏ చోటా, ఇలాంటప్పుడు ఏం చేయాలో రాసి లేదు.

“ఎలా ఉంది?” అని శశికుమార్ గొంతు.

రాయుడి చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. బిగిసింది.

“సార్,” అని మల్లీశ్వరి గొంతు. కాస్త వణికింది. “ఏమనుకోవద్దు. మొదటి తలుపు తోసే దిక్కుకు తెరుచుకోవల్ల. మీ తలుపు మీదికొచ్చి మనిషిని మింగుతాండాది.” తర్వాత వణుకు లేని గొంతు: “ఇంకా ఉండాయి సార్. వరసగా చెప్పేదా?”

రాయుడు నా చెయ్యి వదిలేశాడు. తలుపు దగ్గర నుంచి లేచి, మెట్లు దిగి, ఎండలో నిలబడి తువ్వాలు దులిపాడు. దుమ్ము లేదు దానిలో.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ముందు చప్పట్లు బయటికొచ్చాయి, తర్వాత మల్లీశ్వరి వచ్చింది, వెనక సగం హాలు వచ్చింది. పామిడి పిల్లలు, మడకశిర పిల్లలు, అంతకుముందు ఆమె మొహం కూడా తెలియనివాళ్లు తమకే వచ్చినంత సంబరంగా ఉన్నారు. వాళ్ల నాయన కేశవకు ఫోను ఎవరు చేశారో గాని, ఆమె చేతిలోని ఫోన్లోంచి ధర్మవరం వీధి వీధంతా ఒకేసారి మాట్లాడుతోంది.

“వచ్చింది చిన్నాయనా. వచ్చే నెల నుంచి రమ్మన్యారు. తీసుకున్యారు నన్ను.”

రాయుడు ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు.

“అంత చిన్నగా చెప్తే ఎట్ల?” అన్నాడు. “ఆ పక్క రోడ్డోళ్లకు వినపడల్యా.”

ఆ పిల్ల ఈసారి నిజంగానే అరిచింది. రోడ్డు మీద పోయే గొర్రెలకాపరి ఆగి చూశాడు.

సునంద వచ్చి రాయుడికి నమస్కారం పెట్టింది. “పెద్దాయనా, మీ కన్ను కూడా మాకు కావాలి. ఊళ్లోనే ఉండి మా ఆటలు చూసి చెప్పండి. జీతమిస్తాం.”

ఇన్నేళ్లూ ఊరికే పెట్టానని ఉదయం నుంచి కుమిలిపోతున్న మనిషి. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“జీతం తీసుకుంటే మీకు నచ్చేటట్ల చెప్పల్ల తల్లీ. మగ్గాల ఇండ్లోళ్లు ఊరికే చెప్తేనే తిడతారు, దుడ్లు తీసుకోని చెప్తే కొడతారు. పొద్దున్నే నాకు చానా ఇండ్లు తిరిగేదుండాది.” అంతలో ఆయన చూపు గేటు మీదికి పోయింది. మేళా బ్యానరు ఒక పక్క పైకీ, ఒక పక్క కిందికీ కట్టి ఉంది. రాయుడి మొహంలోకి ప్రాణం వచ్చింది. “ఏమప్పా, యాడ చూసి కట్టినారు ఇది? కట్టినోడు ఎవరు?”

అని అరుస్తూ, మాలో ఎవరికీ వస్తానని కూడా చెప్పకుండా, గేటు వైపు గబగబా నడిచిపోయాడు.

బ్యానరు కట్టిన కుర్రాళ్లు బిత్తరపోయి మల్లీశ్వరి వైపు చూశారు. నేను కూడా చూశాను, ఇక పరిగెత్తుతుందని. ఆమె ఫోను పక్కన పెట్టుకుని, మెడ వంచి, బ్యానరును ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

“ఆయప్ప చెప్పేది నిజమే అన్నా,” అంది. “ఎడమపక్క చానా జారిపోయింది. విప్పి కట్టండి.”